బుధవారం జావ

చెంచా నోట్లోంచి తీశాను గాని జావ ఇంకా నాలుక మీదే ఉంది, దిగనంటోంది. ఉప్పు లేదు. ఉప్పొక్కటే అయితే బల్ల మీది డబ్బాలోంచి కాస్త చల్లుకుని సరిపెట్టుకోవచ్చు, ఇది వేరే, మొక్కజొన్న పిండి అడుగంటి ఆ మాడు గిన్నె అంతా పాకింది, మాంసం ముక్క నిన్నటిదో మొన్నటిదో, వకతాయ్ ఆకు వేసిన జాడే లేదు, వేసి ఉంటే గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసేది, ఇప్పుడు తెలుస్తున్నదల్లా ఆరని గుడ్డ వాసన. ఇంకాసేపట్లో వంటింట్లోంచి ఎర్మెలిందా వస్తుంది. నడుముకి కట్టుకున్న ముందు గుడ్డకి చేతులు తుడుచుకుంటూ ఎవరి దగ్గరా ఆగకుండా నా దగ్గరికే వస్తుంది, వచ్చి "కొమాద్రే, ఉప్పు సరిపోయిందా?" అంటుంది. ఆరు నెలలుగా ప్రతి బుధవారం అదే ప్రశ్న. ఆరు నెలలుగా నాదీ అదే జవాబు, "అమృతంలా ఉంది కొమాద్రే". ఇవాళ కూడా అదే అంటే ఈ పూటకూళ్లిల్లు ఈ ఏడాది దాటదు. అనకపోతే మా ఇద్దరి మధ్య ఉన్నది ఈ పూట దాటదు. అరవై ఆరేళ్లు వచ్చాయి నాకు, ఒక గిన్నెడు జావ ముందు కూర్చుని చెమటలు పడుతున్నాయి.

లేచి పోదామంటే దారేది. ఇక్కడ బల్లలూ పొడుగే, బెంచీలూ పొడుగే, వచ్చినవాళ్లు జరిగి జరిగి ముందొచ్చినవాళ్లని మధ్యకి నెట్టేస్తారు. వీపుకి తెల్లరాతి గోడ చల్లగా తగులుతోంది. ఎడమపక్క దోన్ సెఫెరీనో, రైల్వే ఉద్యోగం నుంచి దిగిపోయాక పెరిగిన పొట్టని బల్లకి ఆనించి, ఎడమచేత్తో రొకోటో మిరపకాయ కొరుక్కుంటూ కుడిచేత్తో జావ జుర్రుతున్నాడు, ముందు నాలుకని చంపేసి తర్వాత తినడం అతను కనిపెట్టిన ఉపాయం. కుడిపక్క రాజధాని లీమా నుంచి బస్సులో దిగిన ఐదుగురు, ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ. నేను బయటికి వెళ్లాలంటే ఈ ఐదుగురూ లేవాలి, లేదా సెఫెరీనో లేవాలి, అతను లేవాలంటే బల్ల జరగాలి, బల్ల జరిగితే ఎదుటి వరస చిచా కల్లు గ్లాసులన్నీ ఒలుకుతాయి. "ఏమ్మా, ఎక్కడికి, జావ బాగాలేదా?" అని పదిమంది అడుగుతారు. అందుకని కూర్చున్నాను. ఇంకో చెంచా తీసుకున్నాను. మింగలేక కక్కలేక అంటారే, ఆ మాట పుట్టించినవాడు ఇలాంటి బెంచీ మీద మధ్యలో ఇరుక్కునే ఉంటాడు.

"దోన్యా దెల్ఫీనా," సెఫెరీనో నా చెవి దగ్గరికి వంగాడు, "ఇవాళ బుధవారమేనంటారా? జావ చూస్తే నాకు డౌటుగా ఉంది."

నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. మా ఊళ్లో క్యాలెండర్ గోడకి ఉండదు, గిన్నెలో ఉంటుంది. సోమవారానికి ఒక పులుసు, మంగళవారానికి ఎండబెట్టిన మాంసంతో ఇంకొకటి, బుధవారం ఈ మొక్కజొన్న జావ, శుక్రవారం ఏటి రొయ్యలు, ఆదివారం పొద్దున్నే పంది మాంసం అదోబో. కళ్లు మూసి నోట్లో పోసినా వారం పేరు చెప్పేస్తాం. మా అమ్మ మంచం పట్టి రోజులు మర్చిపోయినప్పుడు ఇక్కణ్ణుంచే క్యారేజీ పట్టుకెళ్లి చెంచాతో పట్టేదాన్ని, "ఓహో, బుధవారం" అనేది, అది తప్పితే ఆ రోజంతా ఇంకో సరైన మాట వచ్చేది కాదు ఆమె నోట. అప్పట్లో ఈ జావలో చెంచా నిటారుగా నిలబడేది. పైన పచ్చని నూనె చుక్కలు తేలేవి. మాంసం ముక్క అంచు దాటి బయటికి చూసేది, ఒక గిన్నె తింటే రాత్రి వంట మాట తలపెట్టేవాళ్లం కాదు. ఇప్పుడీ గిన్నె నా అరచేతిలో ఇముడుతుంది. ధర మాత్రం ముప్పై ఎనిమిది సోల్‌లని పలక మీద సుద్దతో రాసి ఉంది, తాజాగా, కింద చెరిపిన పాత అంకె ఇంకా కనబడుతూనే ఉంది.

అదే బస్సులో వచ్చి ఎదుట కూర్చున్న లీమా ఆయన గిన్నె పక్కకి తోశాడు. సన్నటి మనిషి, కళ్లద్దాలు నెత్తి మీదికి పెట్టుకున్నాడు. భార్య ఇంకా మర్యాద కోసం చెంచా తిప్పుతోంది.

"దీనికోసమా పదహారు గంటలు బస్సులో కూర్చోబెట్టావు?" అంటున్నాడామెతో. "అరెకీపా తిండి, అరెకీపా తిండి అని చెవులు హోరెత్తించావు కదే. మా ఆఫీసు క్యాంటీన్లో గిన్నెలు కడిగిన నీళ్లు ఇంతకన్నా చిక్కగా ఉంటాయి."

"మెల్లిగా మాట్లాడండి, వినబడుద్ది."

"వినబడనీ. డబ్బులు పుచ్చుకుంటున్నప్పుడు సిగ్గులేదా? ఆవిడ బయటికొస్తే మొహం మీదే అడుగుతా."

లీమావాళ్లు మా అరెకీపా తిండికి వంకలు పెడితే మా ఊళ్లో ఎవరం ఊరుకోం. మంచుకొండ కింద పుట్టిన వాళ్లం, ఆ గాలికే చిర్రెత్తుతుందంటారు, ముక్కు మీద కోపం మాకు పెట్టని సొమ్ము. ఇంకో రోజైతే, ఇంకో జావైతే, ఆ కళ్లద్దాలు నెత్తి మీంచి కిందికి దిగేలా నాలుగు వడ్డించేదాన్ని. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లో ఇంకో చెంచా జావ పోసుకున్నాను, ఎందుకంటే అతను చెప్పింది నిజం. నలభై ఏళ్లు పంతులమ్మగా ఎర్రసిరాతో పిల్లల తప్పులు దిద్దాను, ఒక్క సున్నా వదలలేదు, తల్లిదండ్రులు బతిమాలుకున్నా మార్కు మార్చలేదు, నన్ను చూసి సందు మళ్లేవాళ్లు. ఆ దెల్ఫీనా ఇక్కడికొచ్చేసరికి ఎక్కడికి పోతుందో నాకు తెలియదు.

తెలుసు. కొమాద్రే కదా. ఎర్మెలిందా కొడుకు ఎల్మెర్‌ని బాప్తిస్మం నాడు నీళ్ల తొట్టి మీద చేతుల్లో పట్టుకున్నది నేను, వాడికి జ్ఞానతల్లిని, ఆ క్షణం నుంచి ఎర్మెలిందా నాకు స్నేహితురాలు కాదు, కొమాద్రే. అంతకు ముందు ఏడో ఏటి నుంచీ జుట్లు పట్టుకుని కొట్టుకున్నాం, ఒకే మామిడిపండు కోసం ఒకరి చేయి ఒకరం కొరుక్కున్నాం, అది నన్ను పొట్టి గాడిదా అనేది, నేను దాన్ని మసిబుర్రా అనేదాన్ని. గుడి మెట్లు దిగేసరికి ఇద్దరం "మీరు" అనుకుంటున్నాం. నవ్వొచ్చింది ఆ రోజు, తర్వాత అలవాటైంది, తర్వాత ఇంకో రకంగా మాట్లాడటం మర్చిపోయాం. కొమాద్రేలు ఒకరినొకరు మాట అనకూడదు, తప్పు పట్టకూడదు, అంటే ఆ పాపం నీళ్లు పోయించుకున్న బిడ్డకి తగులుతుందని మా అమ్మ నా చెవిలో పోసింది. నేను బడిలో సైన్సు కూడా చెప్పినదాన్ని, ఇవన్నీ నమ్మను. కానీ ఎల్మెర్ ఉన్నది గనిలో. నేల కింద ఎంత లోతులోనో పద్నాలుగు రోజులు ఉండి ఏడు రోజులు ఇంటికొస్తాడు. నమ్మకపోయినా వాడి తలమీద ఉన్న కొండ బరువు తలుచుకుంటే నాలుక దానంతటదే మడతపడుతుంది.

అలా మడతపడిన మొదటి బుధవారం నాకు బాగా గుర్తుంది. కార్నివాల్ వానలు తగ్గాక ఎర్మెలిందాకి జ్వరం పట్టింది, మూడు వారాలు, పొయ్యి మూసేసింది, పుట్టి బుద్ధెరిగాక ఆ పొయ్యి మూతపడటం వాళ్లమ్మ పోయినప్పుడు ఒక్కసారే చూశాను. లేచి మళ్లీ వెలిగించిన రోజు నేనే మొదటి గిన్నె తిన్నాను. కొంచెం చప్పగా ఉంది. జ్వరంలోంచి లేచిన మనిషి, కళ్ల కింద గుంటలు, గుమ్మానికి ఆనుకుని నిలబడి, "కొమాద్రే, ఉప్పు సరిపోయిందా?" అంది. ఎప్పుడూ అలా అడిగిన మనిషి కాదు. వాళ్లమ్మలాగే, వడ్డించి వెనక్కి తిరిగేది, మెప్పు కోసం నిలబడటం ఆ వంశంలోనే లేదు. ఆప్యాయంగా అడుగుతోందనుకున్నాను, జ్వరం మనిషిని మెత్తబరిచిందనుకున్నాను, నాకు ముద్దొచ్చింది కూడా. "సరిగ్గా సరిపోయింది" అన్నాను. ఎంత చిన్న అబద్ధం. చిటికెడు. ఆ మరుసటి బుధవారం ఇంకో చిటికెడు. ఈ రోజు కొత్తగా నిజం చెప్పాలంటే ఆ చిటికెలన్నీ కలిపి ఒకేసారి ఆమె ముందు పొయ్యాలి, "ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నారా?" అంటే నా దగ్గర ఏముంది చెప్పడానికి. ఆ మధ్య ఎప్పుడో అడుగుతూ నా మణికట్టు పట్టుకుంది. "ఉప్పు సరిపోయిందా? నిజం చెప్పండి." నేను నవ్వి చేతి మీద తట్టాను. తట్టాను, చిన్నపిల్లని తట్టినట్టు.

బల్లలు ఎప్పుడూ ఇలాగే నిండి ఉంటాయని అనుకోకండి, ఇది ఈ రోజు బస్సు వచ్చింది కాబట్టే. మామూలు బుధవారాల్లో ఈ మధ్య నేనూ సెఫెరీనో, ఎప్పుడైనా ఒక గుమస్తా. శనివారం కచేరీ నుంచి వచ్చే గుంపు మానేసింది. మూలవీధి చెప్పుల కొట్టాయన మానేశాడు, నేను కనబడితే వేరే గుమ్మంలోకి దూరతాడు, తను ఎక్కడ తింటున్నాడో నాకు తెలిసిపోతుందని. ఎవరూ ఏమీ అనలేదు. మా ఊరివాళ్లం లీమా మీద ఎంత అరుస్తామో మాలో మాకు అంత మర్యాద, బాగాలేదని మొహం మీద చెప్పం, బాగుందని చెప్పి రావడం మానేస్తాం. నేను కూడా మానేయొచ్చు కదా, మోకాళ్ల నొప్పి అని, కళ్ల డాక్టరని. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఒక్కటే గుర్తొస్తుంది. మొగుడు పోయిన ఏడాది నేను నెలరోజులు మాట్లాడలేదు, ఈ బెంచీ మీదే పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చునేదాన్ని, ఎర్మెలిందా ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా, నా ఎదుట సన్నికల్లు పెట్టుకుని మిరపకాయలు నూరుతూ ఉండేది, వంటింట్లో నూరుకోవాల్సింది, నాకోసం ఇక్కడికి మోసుకొచ్చింది, ఆ రాతి చప్పుడు తప్ప ఇంకేం వినకుండా నేను ఒక నెల బతికాను. ఈవిడని వదిలి మోకాళ్ల నొప్పి అని ఎలా చెప్పను.

దగ్గొచ్చింది. ముందు నాకు కాదు, లీమా ఆయన భార్యకి. తర్వాత కుడిపక్క ఐదుగురికీ వరసగా, తర్వాత నాకు, కళ్లలోంచి నీళ్లు, గొంతులో ఘాటు. వెల్లుల్లి మాడుతోంది. మాడటం కూడా దాటిపోయి బొగ్గవుతోంది, మిరపకాయతో కలిసి, నీలంగా పొగ వంటింటి గుమ్మం పైనుంచి పాకుతూ వస్తోంది. సెఫెరీనో చేరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఏంటమ్మా, తగలబెట్టేస్తున్నారా మమ్మల్ని?" అని ఎవరో అరిచారు. నేను మెడ సాచి గుమ్మంలోంచి లోపలికి చూశాను. నా చోటునుంచి పొయ్యి నేరుగా కనబడుతుంది.

ఎర్మెలిందా పొయ్యి దగ్గరే ఉంది. వీపు ఇటు. మాడుతున్న మూకుడుకి జానెడు దూరంలో నిలబడి, పీట మీద ఉల్లిపాయలు తరుగుతోంది. తీరిగ్గా, సన్నగా, ఒకే కొలతలో. ఊరంతా దగ్గుతుంటే ఆ వీపు కదల్లేదు. పెరట్లోంచి మార్లేని, వడ్డించే మనిషి, "అయ్యో దోన్యా ఎర్మే!" అంటూ పరిగెత్తుకొచ్చి మూకుడు లాగేసింది, అప్పుడు తిరిగింది ఎర్మెలిందా. మూకుడు వంక చూసింది. నల్లగా ఉండటం చూసింది. చూశాకే తెలిసింది ఆమెకి. ఆ మొహంలో కంగారు లేదు, దొరికిపోయినట్టు ఉంది, చటుక్కున మా వైపు చూసింది, ఎవరు చూశారా అని.

నేను చూశాను. చెంచా నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆమెకి వాసన తెలియడం లేదు. వాసన తెలియనిదాని నాలుకకి రుచేం ఉంటుంది. జ్వరం పట్టుకుపోయింది రెండింటినీ, మూడు వారాల్లో, ఎవరికీ చెప్పలేదు, ఎవరికి చెబుతుంది, పూటకూళ్లమ్మకి నాలుక పోయిందని ఎలా చెబుతుంది. ఆగస్టులో నేను పట్టుకెళ్లిన లిల్లీ పూలు, రెండు రోజులు నా వంటింట్లో మురుగు నీళ్లలో ఉండిపోయినవి, వాటిలో ముఖం పెట్టి "ఎంత కమ్మటి వాసనో" అంది, నేను సిగ్గుతో చచ్చి అది మర్యాద అనుకున్నాను. ఎల్మెర్ పుట్టినరోజున విరిగిన పాలతో కాఫీ ఇచ్చింది. ఈ ఏడాది శాలువా నిండా పాత పెట్టె వాసన. నేను అన్నీ చూశాను, చూసి, ముసలితనం అనుకున్నాను, విసుగు అనుకున్నాను, దేవుడా, ఒకసారి పిసినారితనం అని కూడా అనుకున్నాను. చీకట్లో ఒక మనిషి గోడ తడుముకుంటూ, ఇటా అటా అని నన్ను అడుగుతోంది ప్రతి బుధవారం. నేను ప్రతి బుధవారం ఇటే, ఇటే అని గోతి వైపు చూపించాను. ఉప్పు చేతి అలవాటుతో ఎంతో కొంత వేసి, మిగతాది నా మాట మీద వదిలింది. ఈ జావ వండింది ఆమె కాదు. ఆరు నెలలుగా వండుతున్నది నేను.

ఇప్పుడు వస్తోంది. ముందు గుడ్డకి చేతులు తుడుచుకుంటూ, జుట్టు సరిచేసుకుంటూ, ఎప్పటి నడకే. నాకు పోవడానికి చోటు లేదు, ఆమె చూపు తప్పించుకోవడానికి కూడా లేదు. కుడిపక్క మోచేయి, ఎడమపక్క పొట్ట, వెనక రాయి. లీమా ఆయన సగం లేచాడు.

"ఏవమ్మా, నీతోనే. ఇది మనుషులు తినేదేనా? ముప్పై ఎనిమిది సోల్‌లు తీసుకుని..."

"కూచోవయ్యా కాసేపు," అంది ఎర్మెలిందా అతని వైపు చూడకుండానే, కోపం లేకుండా, ఈగని తోలినట్టు. చూపు నా మీదే ఉంది. "కొమాద్రే, ఉప్పు సరిపోయిందా?"

ఎల్మెర్ ఈ రోజు పనిలో ఉన్నాడు. ఈ బుధవారం పదకొండో రోజు. నాకు వాడి తల గుర్తొచ్చింది, బాప్తిస్మం నాటి తల, తడిసి, నా అరచేతిలో. ఊరుకో, అంది మా అమ్మ ఎక్కణ్ణుంచో. ఊరుకుంటే ఈవిడ వచ్చే బుధవారం మళ్లీ వస్తుంది, ఆ పై బుధవారం మళ్లీ, చివరికి నాకొక్కదానికే వండుతూ, చివరికి ఆ గుమ్మానికి బోర్డు తిరగేసి, నేను మాత్రం అమృతం అమృతం అంటూ.

"లేదు," అన్నాను.

వినబడనట్టు తల కాస్త వంచింది.

"సరిపోలేదు కొమాద్రే. ఈ రోజే కాదు. ఎప్పుడూ సరిపోలేదు."

"ఎప్పటినుంచి?"

"మీకు జ్వరం తగ్గినప్పట్నుంచీ."

సెఫెరీనో మిరపకాయ బల్ల మీద పెట్టేశాడు. ఎర్మెలిందా అరుస్తుందనుకున్నాను, నా గిన్నె లాగి నేలకేసి కొడుతుందనుకున్నాను, గుమ్మం చూపించి బయటికి నడవమంటుందనుకున్నాను, అలా చేసి ఉంటే ప్రాణం తేలికపడేది. ఆమె ఎదుటి బెంచీ చివర, లీమావాళ్ల పక్కన, దొరికిన చోటులో కూర్చుంది. తన హోటల్లో తను కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"అందరి గిన్నెలూ సగం సగం వెనక్కొస్తున్నాయి," అంది మెల్లిగా. "కళ్లున్నాయి కదా నాకు, చూస్తున్నా. ఎక్కువైపోతోందేమో అనుకుని కొలత తగ్గించా. అయినా వస్తున్నాయి. మీదొక్కటే, తుడిచినట్టు వచ్చేది ప్రతివారం. మార్లేనిని అడిగేదాన్ని, మా కొమాద్రే గిన్నె ఏదే అని. అది చూసుకుని, సరే, వండటం నాకు వచ్చు, వీళ్లకే నోరు చెడింది అనుకునేదాన్ని. పడుకుంటే నిద్ర పట్టేది."

నేను మర్యాద కోసం తిన్న జావ అంతా, ముక్కు మూసుకుని, నీళ్లు తాగి, చివరి చెంచాదాకా గీకి తిన్న జావ అంతా ఒకేసారి గొంతులోకి వచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"అదొద్దు. చెప్పండి. ఏం తక్కువైంది?"

"కొమాద్రే, అందరి ముందూ..."

"అందరూ తిన్నవాళ్లే కదా. చెప్పండి."

చెప్పాను. ఉప్పు లేదన్నాను. పిండి అడుగంటుతోంది, మాడు తెలుస్తోందన్నాను. మాంసం నిన్నటిదన్నాను, పోయిన వారం అంతకన్నా పాతదన్నాను. వకతాయ్ ఆకు ఎండిపోయింది, గడ్డి వేసినట్టుందన్నాను. ఒక్కొక్కటి చెబుతుంటే నా గొంతు నాకే బడిలో గొంతులా వినబడింది, ఆపాలనిపించింది, ఆపలేకపోయాను, లీమా ఆయన తల దించుకున్నాడు, అతని భార్య ఎర్మెలిందా మోకాలి మీద చెయ్యి వేసింది. ఎర్మెలిందా ఏడవలేదు. బడిలో ముందు బల్ల మీద కూర్చున్న పిల్లలా నా మొహంలోకే చూస్తూ, ప్రతిదానికీ తల ఊపుతూ, తడిచేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

"ఇంకా?" అంది.

ముందు గుడ్డ మాసిన వాసన వేస్తోందన్నాను.

"ఇంకా?"